పెయింట్ కంటే ముందు నహానీ ట్రాప్: కూకట్‌పల్లిలో ఒక పాత ఫ్లాట్ అమ్మకం

కూకట్‌పల్లిలో స్టిల్ట్ (కింద పార్కింగ్‌కు వదిలిన భాగం) మీద అయిదంతస్తుల అపార్ట్‌మెంట్, 2010లో కట్టింది. మూడో అంతస్తులో తూర్పు ముఖం డబుల్ బెడ్‌రూం. 1,180 ఎస్‌ఎఫ్‌టీ, అన్‌డివైడెడ్ షేర్ (స్థలంలో ఈ ఫ్లాట్ వాటా) 42 గజాలు, ఒక కార్ పార్కింగ్. ఆరేళ్లు అద్దెకున్న కుటుంబం ఖాళీ చేశాక యజమాని అమ్మకానికి పెట్టారు. అడిగిన ధర 78 లక్షలు. నాలుగు నెలల్లో చూసిపోయినవాళ్లకు కొదవ లేదు గానీ రెండోసారి వచ్చినవాళ్లు ఒక్కరూ లేరు. చివరికి ఒకరు 70 లక్షలైతే ఆలోచిస్తామన్నారు.

ఏజెంట్ ధర తగ్గించమన్నాడు. బంధువులు హాల్లో ఫాల్స్ సీలింగ్, వంటింట్లో మాడ్యులర్ కిచెన్ పెట్టిస్తే లుక్కు మారుతుందన్నారు. ఈ రెండు సలహాలూ అసలు జబ్బును పట్టుకోలేదు. చూడ్డానికే ఎవరూ రాకపోతే తప్పు ధరలోనో ఫొటోల్లోనో ఉంటుంది. వచ్చి చూసినవాళ్లు మళ్లీ రాకపోతే తప్పు ఇంట్లో ఉంటుంది. ఇక్కడ జరిగింది రెండోది. ధర ముందే తెలుసుకుని బండి వేసుకుని వచ్చినవాళ్లు లోపల ఏం చూసి వెనక్కి తగ్గుతున్నారన్నదే ప్రశ్న.

కొనేవాళ్లు కారణం చెప్పరు. "ఇంట్లో మాట్లాడుకుని ఫోన్ చేస్తామండీ" అంటారు. అందుకే వాళ్ల మాటలు వదిలి కాళ్లు ఎక్కడ ఆగుతున్నాయో చూడాలి. ఈ ఫ్లాట్‌లో అందరూ ఆగింది మాస్టర్ బెడ్‌రూంలో, అటాచ్డ్ బాత్రూంకి ఆనుకున్న గోడ దగ్గర. స్కర్టింగ్ (గోడ అడుగున ఉండే పట్టీ) నుంచి దాదాపు రెండడుగుల ఎత్తు వరకు పెయింట్ పొక్కులు లేచి, కింద తెల్లటి ఉప్పు రాలుతోంది. ఎవరో ఒకరు వేలితో నొక్కుతారు, పొక్కు పగిలి పొడి రాలుతుంది. ఆ తర్వాత మాటలన్నీ బిల్డర్ నాణ్యత మీదకు, పైపుల మీదకు, అపార్ట్‌మెంట్ వయసు మీదకు మళ్లుతాయి. హాలు ఎంత బాగున్నా ఇక లెక్కలోకి రాదు. చెమ్మ కనబడగానే కొనేవాడు రిపేర్ ఖర్చును వేలల్లో వేసుకోడు, లక్షల్లో వేసుకుంటాడు. ఎనిమిది లక్షల కోత అక్కడి నుంచి వచ్చిందే.

చెమ్మ ఎక్కడి నుంచి వస్తోంది

ఆ గోడకు అంతకుముందే రెండుసార్లు పుట్టీ పెట్టి రంగు వేశారు. రెండుసార్లూ పెయింట్ కొన్ని నెలల్లోనే లేచిపోయింది. ఇటుకలోకి, ప్లాస్టర్‌లోకి చేరిన నీళ్లు అక్కడి లవణాలను కరిగించి పైకి తెస్తాయి. నీళ్లు ఆవిరయ్యే చోట లవణాలు గడ్డకట్టి పెయింట్‌ను వెనక నుంచి నెడతాయి. నీళ్ల దారి మూయకుండా పైన ఎంత ఖరీదైన డ్యాంప్‌ప్రూఫ్ పెయింట్ వేసినా అంతే. పైగా ఆ ఒక్క గోడ మాత్రం కొత్తగా మెరుస్తుంటే చూసేవాళ్ల అనుమానం ఇంకా ముదురుతుంది.

నీళ్లు పైపు నుంచి వస్తున్నాయా, ఫ్లోర్ నుంచి వస్తున్నాయా అన్నది ముందు తేల్చాలి. పైపుల లైన్‌కు హ్యాండ్ పంపు బిగించి 6 కేజీల ప్రెషర్ ఎక్కించి రెండు గంటలు వదిలితే ప్రెషర్ గేజ్ ముల్లు కదల్లేదు. అంటే పైపులు బాగున్నాయి. ఆ తర్వాత నహానీ ట్రాప్‌ను, అంటే బాత్రూం నేలలో నీళ్లు బయటికి పోయే గుంటను, గట్టిగా మూసి, బాత్రూం ఫ్లోర్‌లో అంగుళం నీళ్లు నిలిపి, గోడ మీద పెన్సిల్‌తో గీత పెట్టి 24 గంటలు ఉంచారు. ఆవిరి కింద రెండు మూడు మిల్లీమీటర్లు తగ్గడం మామూలే. ఇక్కడ మట్టం సగానికి పడింది, బెడ్‌రూం వైపు చెమ్మ గీత పైకి ఎక్కింది. కింది ఫ్లాట్ వాళ్ల బాత్రూం సీలింగ్‌లో పైపు చుట్టూ తడి ఉంగరంలా కనిపించింది. ట్రాప్ చుట్టూ ఉన్న జాయింట్ పోయిందని అక్కడే తేలింది. టైల్స్ మధ్య సిమెంట్ కూడా చాలా చోట్ల కొట్టుకుపోయి ఉంది.

ఈ పరీక్ష చేయకుండా పని మొదలుపెట్టే ప్లంబర్లు ఎక్కువ. గోడ పగలగొట్టి పైపు మార్చేస్తారు, చెమ్మ మాత్రం అలాగే ఉంటుంది.

ట్రాప్ చుట్టూ టైల్స్ తీసి పాత మాల్ అంతా గీకేశారు. పైపు చుట్టూ ఖాళీని నాన్‌ష్రింక్ గ్రౌట్‌తో నింపారు. మామూలు సిమెంట్ మాల్ ఆరేటప్పుడు కుంచించుకుని పైపు చుట్టూ సన్నటి బీట వదులుతుంది. పదిహేనేళ్ల కింద జరిగింది అదే. గ్రౌట్ గట్టిపడ్డాక ఫ్లోర్ మీదా గోడల మీద అడుగు ఎత్తు వరకూ పాలిమర్ సిమెంట్ వాటర్‌ప్రూఫింగ్ రెండు కోట్లు, మొదటిది నిలువుగా, రెండోది అడ్డంగా వేశారు. మళ్లీ 24 గంటలు నీళ్లు నిలిపి, కింది ఫ్లాట్ సీలింగ్ చూశాకే టైల్స్ వేశారు.

2010 నాటి టైల్ డిజైన్ ఇప్పుడు దొరకదు. నాలుగు టైల్స్ మాత్రం వేరే రంగులో వేస్తే ఇక్కడ రిపేర్ జరిగిందని బోర్డు పెట్టినట్టే. స్నానం చేసే భాగం మొత్తానికి, సుమారు 16 చదరపు అడుగులకి, ఒకే రంగు యాంటీస్కిడ్ టైల్స్ వేయిస్తే అదొక డిజైన్‌లా కుదిరింది. మిగతా ఫ్లోర్‌లో, గోడల మీద మూడడుగుల వరకు పాత జాయింట్లు గీకి ఎపాక్సీ గ్రౌట్ (నీళ్లు చొరని రెసిన్ మిశ్రమం) పట్టించారు. ఎపాక్సీ వేసేటప్పుడు జాయింట్ పూర్తిగా ఆరి ఉండాలి. కలిపిన మిశ్రమం అరగంట, ముప్పావు గంటలో బిగుసుకుంటుంది కాబట్టి కొంచెం కొంచెంగా కలుపుకోవాలి. టైల్ మీద పడిన పొరను తడిగా ఉండగానే తుడవాలి. ఆలస్యమైతే ఆ మసక మరిక వదలదు.

బెడ్‌రూం వైపు ప్లాస్టర్‌ను చెమ్మ గీతకు అడుగు పైవరకు ఇటుక కనబడేలా కొట్టేశారు. ఉప్పును పొడి బ్రష్‌తోనే దులపాలి, నీళ్లతో కడిగితే అది మళ్లీ లోపలికే పోతుంది. రెండు వారాలు ఫ్యాన్ పెట్టి ఆరబెట్టి, 1:4 మాల్‌లో (ఒక పాలు సిమెంట్, నాలుగు పాళ్లు ఇసుక) 50 కేజీల సిమెంట్ బస్తాకు 200 మిల్లీలీటర్ల వాటర్‌ప్రూఫింగ్ లిక్విడ్ కలిపి ప్లాస్టర్ చేశారు. ఏడు రోజులు క్యూరింగ్, ఆ తర్వాత మూడు వారాలు ఖాళీగా వదిలేయడం.

యజమానులకు ఓపిక తప్పేది ఈ మూడు వారాల్లోనే. పైకి ఆరినట్టు కనబడగానే పుట్టీ పెట్టించేస్తారు. గోడ ఆరిందో లేదో చూడటానికి అడుగు చదరం పాలిథిన్ ముక్కను నాలుగు వైపులా టేపుతో గాలి చొరకుండా అంటించి రాత్రంతా ఉంచాలి. పొద్దున పాలిథిన్ లోపలి వైపు నీటి బిందువులు కనబడితే గోడలో ఇంకా తడి ఉన్నట్టే. ఈ గోడ మొదటి పరీక్షలో తప్పింది. ఇంకో వారం ఆగాక నెగ్గింది.

తలుపు తీయగానే వచ్చే వాసన

కొన్నాళ్లుగా మూసి ఉన్న ఇంట్లో డ్రైనేజీ వాసన రావడానికి కారణం చాలాసార్లు మురికి కాదు, నీళ్లు లేకపోవడం. నహానీ ట్రాప్‌లో రెండంగుళాల లోతు నీళ్లు నిలిచి ఉండాలి. పైపులోని వాయువును ఇంట్లోకి రానీయకుండా ఆపేది ఆ నీళ్లే. వాడకం లేని ఇంట్లో అవి ఆవిరైపోతాయి. వాసనతో పాటు బొద్దింకలూ అదే దారిలో వస్తాయి. ఈ ఫ్లాట్‌లో రెండు బాత్రూంలు, యుటిలిటీ, బాల్కనీ కలిపి నాలుగు ట్రాపులూ ఎండిపోయి ఉన్నాయి. ఒక్కోదాంట్లో రెండు చెంబుల నీళ్లు పోసి, పైన చెంచాడు వంటనూనె వేస్తే నూనె పొర ఆవిరిని బాగా నెమ్మదింపజేస్తుంది. ఎండాకాలంలో వారానికోసారి ఈ పని వాచ్‌మన్‌కు అప్పగిస్తే సరిపోతుంది. సింక్ కింది బాటిల్ ట్రాప్, ఫ్లష్ కూడా అదే చేత్తో చూడాలి.

రూం ఫ్రెషనర్ కొట్టి ఇల్లు చూపించడం మంచిది కాదు. మల్లెల సెంటు గుప్పుమంటే ఏం దాస్తున్నారో అని వెతుకుతారు. చూపించే గంట ముందు కిటికీలన్నీ తీసి ఫ్యాన్లు వేస్తే చాలు. వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ రెక్కలకు పట్టిన పోపు జిడ్డును వేణ్నీళ్లు, వాషింగ్ సోడాతో కడిగిస్తే సగం వాసన పోతుంది.

బోరు నీళ్ల తెల్ల మరకలకు సీనియర్ మోస్ట్ పనివాళ్లు కూడా యాసిడ్ పోస్తారు. అది ట్యాపుల మీది క్రోమ్‌ను తింటుంది, టైల్స్ జాయింట్లలో సిమెంట్‌ను కరిగిస్తుంది. తాండూరు బండల మీద పడితే పాలిష్ చచ్చిపోతుంది, ఎందుకంటే అది సున్నపురాయి. వెనిగర్‌లో తడిపిన గుడ్డను ట్యాపు చుట్టూ అరగంట చుట్టి ఉంచి తుడిస్తే ఉప్పు వదులుతుంది. మరీ పాతబడిన ట్యాపులు రెండు మార్చేశారు.

తూర్పు ముఖం, చీకటి హాలు

తూర్పు ముఖం అని చెప్పి ఏజెంట్ అందరినీ పొద్దున తొమ్మిదికి తీసుకొచ్చేవాడు. అపార్ట్‌మెంట్లలో తూర్పు ముఖమంటే ప్రధాన ద్వారం తూర్పుకి ఉందని మాత్రమే. ఇక్కడ ఆ ద్వారం కారిడార్‌లోకి తెరుచుకుంటుంది, ఎండ అటు నుంచి రానే రాదు. హాలుకి వెలుతురిచ్చేది పడమటి బాల్కనీ. అంటే హాలు ఎప్పుడు చీకటిగా ఉంటుందో సరిగ్గా ఆ వేళకే చూపిస్తున్నారు. వేళను సాయంత్రం నాలుగు, అయిదున్నర మధ్యకు మార్చారు. పడమటి ఎండకి వేడి కూడా వస్తుంది కాబట్టి మెరూన్ రంగు దళసరి కర్టెన్లు తీసేసి పల్చటి తెల్లవి కట్టి, ఫ్యాన్లు ముందుగానే వేసి ఉంచారు.

దోమల మెష్‌లను ఊడదీసి సబ్బు నీళ్లతో కడిగించడం ఈ మొత్తంలో అతి చౌక పని. ఆరేళ్ల దుమ్ము పోయాక హాల్లో పగటిపూట తేడా కంటికి తెలిసింది. లైట్లలో ఒకటి తెల్లటిది, ఒకటి పసుపు, ఒకటి నీలి ఛాయతో ఉండేవి. ఇలా కలగాపులగంగా ఉంటే గోడలు మాసినట్టు కనిపిస్తాయి. ఇల్లంతా 4000 కెల్విన్ ఎల్‌ఈడీలే వేశారు. 10 బై 18 హాలుకి 12 వాట్లవి నాలుగు సరిపోయాయి.

రంగు చివర్లో వచ్చింది. సీలింగ్ తెలుపు, గోడలు ఆఫ్ వైట్, అంతే. పాత నారింజ రంగు గోడను కప్పడానికి ప్రైమర్ ఒక కోటు అదనంగా పట్టింది. ఇంత ఫ్లాట్‌కు పెయింట్ పడే విస్తీర్ణం సుమారు 2,900 చదరపు అడుగులు. రెండు కోట్లకు సీలింగ్‌తో కలిపి 45 లీటర్ల దాకా ఎమల్షన్ తీసుకుంది. డిస్టెంపర్‌తో డబ్బు మిగులుతుంది గానీ చెయ్యి తగిలితే పొడి అంటుతుంది. చూడ్డానికి వచ్చినవాళ్లు గోడను ముట్టుకోకుండా ఉండరు.

చేయనివి

మాడ్యులర్ కిచెన్ వద్దనుకున్నారు. రెండు, రెండున్నర లక్షలు పెట్టి వేయిస్తే కొనేవాళ్ల అభిరుచికి కుదరదు. కుదిరినా ధరలో ఆ మొత్తం ఇవ్వరు. గ్రానైట్ ప్లాట్‌ఫాం, స్టీల్ సింక్ శుభ్రం చేసి, వదులైన అల్మరా తలుపులకు హింజెస్ మార్చారు. ఫాల్స్ సీలింగ్ కూడా వద్దన్నారు. తొమ్మిదిన్నర అడుగుల సీలింగ్‌ను అర అడుగు దించి, ఖాళీ ఇంటిని ఇంకా చిన్నగా చూపించుకోవడం ఎందుకు?

ఖాళీ గది ఉన్నదానికంటే చిన్నగా కనబడుతుంది. మంచం పడుతుందా లేదా అన్నది చూసేవాడి ఊహకు అందదు. మాస్టర్ బెడ్‌రూంలో యజమాని పాత 5 బై 6.5 మంచాన్ని తెల్ల దుప్పటితో వేశారు, హాల్లో దివాన్, నాలుగు కుర్చీలు పెట్టారు. ప్రతి తలుపు వెనక గది కొలత రాసిన కాగితం అంటించారు. టేపు పట్టుకుని కొలిచే పని తప్పడంతో కొనేవాళ్లు కూర్చుని మాట్లాడటం మొదలైంది.

వాస్తు విషయంలో వాదనకు దిగకూడదు. ఈ ఫ్లాట్‌లో వంటిల్లు ఆగ్నేయంలో కాక వాయవ్యంలో ఉంది. ఆ సంగతి ఉత్తరం గుర్తు వేసిన ప్లాన్‌తో సహా ఫోన్‌లోనే చెప్పేశారు. పట్టింపు ఉన్నవాళ్లు రారు, మిగతావాళ్లకు అది గుమ్మం దగ్గర ఎదురయ్యే షాక్ కాదు. ఒక చిన్న సంగతి: కొనేవాళ్లు ఫోన్ కంపాస్ తీసి లిఫ్ట్ పక్కనో బాల్కనీ గ్రిల్ దగ్గరో నిలబడి దిక్కు చూస్తారు. ఇనుముకు ముల్లు తప్పుతుంది. గది మధ్యలో నిలబడి చూడమనాలి.

గేటు నుంచి గుమ్మం దాకా

ఇంట్లోకి రాకముందే సగం అభిప్రాయం ఏర్పడుతుంది. స్టిల్ట్‌లో ఈ ఫ్లాట్ పార్కింగ్ జాగాలో ఎవరిదో పాడైపోయిన స్కూటర్ ఉండేది. దాన్ని తీయించి ఫ్లాట్ నంబర్ రాయించారు. లిఫ్ట్ దగ్గర మినుకుమినుకుమనే ట్యూబ్‌లైట్ మార్చారు. కారిడార్‌లో పక్కింటివాళ్ల చెప్పుల స్టాండును, అమ్మకం అయ్యేదాకా లోపల పెట్టుకోగలరా అని మర్యాదగా అడిగితే ఒప్పుకున్నారు. గుమ్మానికి ఎండిపోయిన తోరణం తీసేసి, గడపకు పసుపు రాసి బొట్లు పెట్టారు. టేకు తలుపుకు పాలిష్, హింజెస్‌కు నూనె.

వాచ్‌మన్ మాటకున్న బరువు ఏ ప్రకటనకూ లేదు. కొనేవాళ్లు కిందకు దిగాక "ఎండాకాలం నీళ్లెలా ఉంటాయి?" అని అతన్నే అడుగుతారు. "అంతా ట్యాంకర్లే సార్" అన్నాడా, అక్కడితో సరి. అబద్ధం నేర్పడం దీనికి మందు కాదు. మంజీరా (ప్రభుత్వ మంచినీటి) కనెక్షన్ ఉంది, బోరు ఉంది, ఏప్రిల్, మే నెలల్లో ట్యాంకర్లు వస్తాయి. అసోసియేషన్ దగ్గర ఉన్న గత రెండు వేసవుల ట్యాంకర్ బిల్లులు, నెలవారీ మెయింటెనెన్స్ రసీదులు ఫైల్లో పెట్టారు. ఫ్లాట్‌కు పడే అదనపు ఖర్చు అంకెల్లో కనబడితే భయం ఉండదు.

ఫైలు

మంచి అభిప్రాయాన్ని కాగితం ఒక్కటే చెడగొట్టగలదు. ఇక్కడ ఈసీ (ఆస్తి మీద నమోదైన లావాదేవీలు, తనఖాలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీస్తే, ఎప్పుడో తీర్చేసిన హోం లోన్ తాలూకు తనఖా ఎంట్రీ అలాగే ఉంది. బ్యాంకు నో డ్యూ లెటర్ ఇచ్చింది, ఒరిజినల్స్ వాపసు ఇచ్చింది, యజమాని అక్కడితో అయిపోయిందనుకున్నారు. డిపాజిట్ ఆఫ్ టైటిల్ డీడ్స్ (అప్పుకు హామీగా ఒరిజినల్ పత్రాలు బ్యాంకులో పెట్టడం) రిజిస్టర్ అయి ఉంటే దాని రిలీజ్ కూడా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ కావాలి. లేకపోతే కొనేవాళ్ల బ్యాంకు లాయర్ తప్పకుండా ఆపుతాడు. గోడ ఆరుతున్న వారాల్లోనే ఈ రిలీజ్ డీడ్ పని పూర్తి చేయించారు. ఆస్తి పన్ను ఇంకా బిల్డర్ పేరు మీదే ఉండటంతో మ్యుటేషన్‌కు (పన్ను రికార్డులో పేరు మార్పుకు), కరెంటు మీటర్ పేరు మార్పుకు కూడా అప్పుడే దరఖాస్తు చేశారు.

ఫైల్లో సేల్ డీడ్, లింక్ డాక్యుమెంట్లు (ఆస్తి అంతకుముందు చేతులు మారిన పత్రాలు), కొత్త ఈసీ, శాంక్షన్డ్ ప్లాన్, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, పన్ను రసీదు, అసోసియేషన్ నో డ్యూస్ వరుసగా పెట్టారు. ఇంటికి వచ్చినవాళ్లకు జిరాక్స్‌లు మాత్రమే చూపించాలి. వాటితోపాటు బాత్రూం రిపేర్ బిల్లులు, పగలగొట్టినప్పటి ఫొటోలు, నీళ్లు నిలిపిన పరీక్ష ఫొటో కూడా ఉంచారు. చెమ్మ ఉండేదని చెప్తే బేరం పాడవుతుందని యజమాని మొదట వెనకాడారు. కానీ మామూలు జాగ్రత్తతో చూసినా కొనేవాళ్లకు కనబడని ముఖ్యమైన లోపాన్ని అమ్మేవారే చెప్పాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ అంటుంది. చట్టం సంగతి అటుంచినా, కింది ఫ్లాట్ వాళ్లు ఎలాగూ చెప్తారు. వాళ్ల నోట వినేకంటే బిల్లుతో సహా మన దగ్గర వినడం మేలు.

ఫొటోలు మళ్లీ తీశారు. ఫోన్‌ను అడ్డంగా, నాలుగడుగుల ఎత్తులో, గది మూలన పట్టుకుని, అన్ని లైట్లూ వేసి, కమోడ్ మూత వేసి. వైడ్ యాంగిల్ వాడలేదు. ఫొటోలో పెద్దగా కనిపించిన గది ఎదురుగా చిన్నదైతే వచ్చినవాళ్లు మోసపోయినట్టు ముఖం పెడతారు. మొదటి ఫొటో హాలుది పెట్టారు. బిల్డింగ్ ఎలివేషన్ ఆఖర్న.

లెక్క

బాత్రూం, ప్లాస్టర్ పని 28,000. పెయింట్ 50,000. లైట్లు 8,500. డీప్ క్లీనింగ్ 6,500. ట్యాపులు, మెష్‌లు, హింజెస్, కర్టెన్లకు 9,000. కామన్ ఏరియాకు 4,000. మొత్తం లక్షా ఆరు వేలు, అడిగిన ధరలో ఒకటిన్నర శాతం కూడా కాదు. రిలీజ్ డీడ్, మ్యుటేషన్ ఖర్చులు ఇందులో లేవు.

పనులు ఆషాఢం చివరకు ముగిసేలా చూసుకున్నారు. ఆషాఢంలో ఇళ్లు చూస్తారు గానీ అడ్వాన్స్ ఇవ్వరు. శ్రావణం రాగానే రెండు కుటుంబాలు రెండోసారి వచ్చాయి, ఒకరు మేస్త్రీని వెంటబెట్టుకుని. ఆ మేస్త్రీ నేరుగా బాత్రూంలోకి వెళ్లి ట్రాప్ మూత తీసి చూశాడు, బెడ్‌రూం గోడ తట్టి చూశాడు, ఫైల్లో ఫొటోలు తిప్పాడు. బేరం 78 దగ్గర మొదలై 75.5 లక్షల దగ్గర తెగింది. అయిదున్నర లక్షల తేడా అంతా రంగుకీ గ్రౌట్‌కీ కట్టబెట్టలేం. ఈసీ శుభ్రంగా ఉండటంతో లోన్ త్వరగా వచ్చే ధీమా, సీజన్ కూడా అందులో ఉన్నాయి.

అగ్రిమెంట్‌లో ఫ్యాన్లు, గీజర్లు, కర్టెన్ రాడ్లు, వాటర్ ప్యూరిఫయర్‌లో ఏవి ఇంటితో ఉంటాయో, ఏవి పోతాయో పేరుపేరునా రాశారు. కొనేవాళ్లకు 7.5 శాతం స్టాంప్, ట్రాన్స్‌ఫర్, రిజిస్ట్రేషన్ ఖర్చుల లెక్క, ధర 50 లక్షలు దాటింది కాబట్టి వాళ్లు అమ్మేవారికిచ్చే డబ్బులోంచి కోసి ప్రభుత్వానికి కట్టాల్సిన 1 శాతం టీడీఎస్ (ఆదాయపు పన్ను) సంగతి ముందే చెప్పారు. ఇది చివరి రోజు గుర్తొస్తే 75,500 రూపాయలు ఎవరి జేబులోంచి అన్న గొడవ మొదలవుతుంది. లోన్ మంజూరై రిజిస్ట్రేషన్ అయ్యేదాకా కరెంటు కట్ చేయించలేదు, నాలుగు ట్రాపుల్లో వారంవారం నీళ్లు పోయడం మానలేదు. తాళాలతో పాటు పెయింట్ షేడ్ నంబర్లు, మిగిలిన అరడజను యాంటీస్కిడ్ టైల్స్ కూడా అప్పగించారు.